కంచె అవతల అమ్మవారు

మా తోటలో జనాన్నంతా ముళ్లకంచె లోపలికి తోలినప్పుడు అమ్మవారిని మాత్రం బయటే వదిలేశారు. మరిచిపోయారనడం కూడా తప్పే, ఆవిడ ఉందని వాళ్లకు తెలిస్తే కదా మరిచిపోవడానికి. రబ్బరు చెట్లు అయిపోయి అడవి మొదలయ్యే చోట పసుపు రాసిన రాయి ఒకటి ఉండేది. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన మా పెద్దలు నిలబెట్టిన రాయి. తోట మలయాలో, ఇపో పట్నం నుంచి బస్సులో గంటన్నర దూరం. జపాన్ వాళ్లు వెళ్లిపోయి తెల్లదొరలు తిరిగొచ్చాక ఆ అడవిలోకి కొందరు తుపాకులు పట్టుకుని పోయారు. వాళ్లు తోట దొరలను కాల్చారు, దొరల సైన్యం వాళ్లను వెతికి కాల్చింది. ఈ మొత్తానికి ప్రభుత్వం పెట్టిన పేరు ఎమర్జెన్సీ. అడవిలోని వాళ్లకు గింజ కూడా అందకూడదని, అంతవరకు తోటంతా చెదురుగా ఉన్న కూలీల వరస ఇళ్లను, లైన్లనేవాళ్లం, పీకి ఒక్కచోట చేర్చి, చుట్టూ కంచె వేసి, గేటు దగ్గర కాపలా పెట్టారు.

మా నాన్న ఆ తోటలో కెరాణి, అంటే దొరగారి ఆఫీసులో గుమాస్తా. తెల్లవారుజామున కూలీల పేర్లు పిలిచేటప్పుడు దొర ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో, అరవంలో జనానికి చెప్పడం ఆయన పని. బియ్యం గేటు దాటకూడదు. వండిన అన్నం దాటకూడదు. బిస్కెట్టు, మందు, డబ్బాలో చేప, ఏదీ దాటకూడదు. రబ్బరు పాలు తీసే వాళ్లు పొద్దున్నే ఖాళీ కడుపుతో పోయి మధ్యాహ్నం తిరిగొచ్చి కంచె లోపలే తినాలి. ఒకసారి ఒకామె పంచదార కలిపిన కాఫీ సీసా చీరలో దాచుకుని గేటు దగ్గర దొరికిపోయింది. ఆమెను జీపులో ఎక్కిస్తుంటే నాన్న పక్కనే నిలబడి, "రూలు రూలే. నేనేటి సేస్తాను" అన్నాడు. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని లైన్లలో ఆడవాళ్లు వినపడేలాగే అనుకున్నారు. నాకు ఆ మాట విని తల కొట్టేసినట్టయింది, కానీ వాళ్లన్నది అబద్ధమని అనిపించలేదు.

మా అమ్మ దొరకు భయపడేది కాదు, పోలీసుకు భయపడేది కాదు. నాన్నకు భయపడినట్టు నటించేది. ఆవిడ నిజంగా భయపడింది ఆ రాయికొక్కదానికే.

అన్ని కుటుంబాలను కోళ్లగంపలో కుక్కినట్టు కుక్కితే ఏమవుతుందో అదే అయింది. నీళ్లు చాలలేదు, దొడ్లు చాలలేదు, పిల్లలకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. అమ్మవారు పోసిందనేవాళ్లు. లైన్లలో ఇద్దరు పసిపిల్లలు పోయారు. తరవాత మా తమ్ముడికి పోసింది. వాడికి అప్పుడు ఆరేళ్లు. నేను ఇపోలో నాన్న పినతల్లి కొడుకు ఇంట్లో ఉండి ఇంగ్లీషు బడిలో చదువుకుంటున్నాను, పదిహేనేళ్ల దాన్ని. సెలవులకు ఇంటికొచ్చి చూస్తే తమ్ముడు వేపాకుల మీద కళ్లు మూసుకుని పడి ఉన్నాడు, ముట్టుకుంటే పెనంలా కాలుతున్నాడు. తోట ఆసుపత్రి మనిషి గులాబీ రంగు నీళ్ల మందేదో పూసి పోయాడు. అమ్మ ఆ మందు తుడిచెయ్యలేదు, నమ్మనూ లేదు. అమ్మవారికి సల్ది పెడతానని మొక్కుకుంది.

సల్ది అంటే రాత్రి వండిన అన్నం నీళ్లలో ఉంచి, పొద్దున పెరుగు, ఉల్లిపాయ కలిపి, పసుపు రాసిన కుండలో పోసి తల్లి దగ్గరికి తీసుకెళ్లడం. తల్లి ఒళ్లు చల్లబడితే బిడ్డ ఒళ్లు చల్లబడుతుంది. మా వాళ్లలో దానికొక నియమం ఉంది. కుండ నెత్తికెత్తుకున్న ఆడది రాయి ముందు దించి, నీళ్లు చల్లి, దండం పెట్టేదాకా నోరు విప్పకూడదు. ఎవరు పలకరించినా పలకకూడదు. పలికితే మొక్కు చెడుతుంది, చెడిన మొక్కు బిడ్డకు తగులుతుంది.

అమ్మ కుండకు గుడ్డ చుడుతుంటే నేనన్నాను, "అమ్మా, కూడు బయటికి తీసుకెల్లకూడదు గదా. నాన్న రోజూ సెప్తన్నాడు."

"కూడేటే. ఇది మొక్కు. ఆ తల్లి నోట ఎట్టకుండా దీన్ని కూడంటే కళ్లు పోతాయి. నువ్వు తమ్ముణ్ని సూసుకో," అంది. తరవాత కుండ ఎత్తుకుంది. ఆ ఇంట్లో అమ్మ నాతో అన్న ఆఖరి మాట అదే.

కెరాణి పెళ్లామని గేటు దగ్గర అమ్మను ఎప్పుడూ సోదా చేసేవాళ్లు కాదు. కాపలాగా ఉన్న మలాయ్ కుర్రాడు ఏటికి బట్టలకు పోతోందనుకుని తల ఊపి వదిలేశాడు. పాపం, వాడి ఉద్యోగం కూడా ఆరోజే పోయింది.

మిగిలింది నేను చూడలేదు. దగ్గర్లో చెట్లకు గాటు పెడుతున్న ఒకాయన చూసి చెప్పాడు, చాన్నాళ్లకు కలవనిచ్చినప్పుడు అమ్మా చెప్పింది. అడవి గట్టున సైనికుల గస్తీ ఎదురుపడి ఆగమని అరిచింది. అమ్మ ఆగలేదు. తుపాకులు ఎత్తారు. అయినా నడిచింది. ఎవరికి తీసుకెళ్తున్నావని మలాయ్‌లో అడిగారు, అరవంలో అడిగారు. ఆవిడ వాళ్ల ముఖం కూడా చూడకుండా రాయి దగ్గరికి పోయి, కుండ దించి, నీళ్లు చల్లి, దండం పెట్టి, అప్పుడు వెనక్కి తిరిగి, తనకొచ్చిన మలాయ్‌లో ఇది దేవతదని చెప్పింది. అప్పటికే ఆలస్యమైపోయింది. రాయి వెనక వాళ్లకు పాత అరిటాకులు కనపడ్డాయి. వాటి మీద అన్నం లేదు. పక్కన బురదలో బూటు గుర్తులున్నాయి.

అమ్మకంటే ముందు ఇంకెవరో ఆడవాళ్లు, కాస్తకాస్త దాచుకుని పోయి, బిడ్డల కోసం ఆ రాయి ముందు పెట్టి ఉంటారు. దాన్ని అడవిలోంచి వచ్చినవాడు తిని ఉంటాడు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఏ బెరుకూ లేదు. ఆకలైనవాడు ఆకులో అన్నం చూస్తే తింటాడు. కానీ ప్రభుత్వం కంటికి అది రాయి కాదు, శత్రువుకు అన్నం అందించే చోటు. మా అమ్మ మొక్కుకున్న తల్లి కాదు, తుపాకీ చూపించినా మొండిగా నోరు విప్పని మనిషి. ఆ పాత ఆకులు ఎవరివని అడిగితే స్టేషనులో కూడా చెప్పలేదు. ఆ వేళకు మొక్కు అయిపోయింది కదా, అప్పుడైనా చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదంటే, లైన్లలో పసిపిల్లల తల్లులు ఎవరెవరో ఆవిడకు తెలుసు కాబట్టి.

కోర్టు లేదు, విచారణ లేదు. నిర్బంధ శిబిరానికి తీసుకెళ్లారు. ఆ సాయంత్రమే తమ్ముడి జ్వరం దిగడం మొదలైంది. ఇది నేను నమ్మమని చెప్పడం లేదు. దిగింది, అంతే.

నాన్న తెల్లకోటు వేసుకుని దొర దగ్గరికి పోయాడు. నేను కూడా వెళ్లాను. దొర కుర్చీ చూపించలేదు కానీ మర్యాదగానే మాట్లాడాడు. మీ ఆవిడ మంచిదని నాకు తెలుసు, కానీ ఇది పోలీసుల విషయం అన్నాడు. పోలీసు అధికారి జిల్లా కమిటీ అన్నాడు. జిల్లా కమిటీలో ఉన్నాయన రాష్ట్రం అన్నాడు. ఇపోలో ఆ పెద్ద ఆఫీసు వరండాలో మమ్మల్ని మధ్యాహ్నందాకా నిలబెట్టి, ఉత్తర్వులు పైనుంచి వస్తాయని ఒక గుమాస్తా వచ్చి చెప్పాడు. పైన ఎవరున్నారని నాన్న అడిగాడు. గుమాస్తా నిజంగానే ఒక్కసారి కప్పు వైపు చూశాడు. నాన్న కూడా గుమాస్తానే. జనాన్ని అలా పంపించెయ్యడం ఆయనకు చేతనైన విద్యే. అది తన మీద ప్రయోగిస్తే ఎలా ఉంటుందో ఆ వరండాలో తెలిసింది. ఇంటికొస్తూ బస్సులో, "ఆ కాఫీ సీసా ఆవిడ ఇంటాయన నా దగ్గరికొచ్చినప్పుడు నేనూ ఇలాగే సెప్పినాను," అన్నాడు. నాకు ఆయన్ని ఓదార్చాలనిపించలేదు.

మళ్లీ బడి తెరిచారు. చరిత్ర పాఠంలో అప్పుడు మాకు నడుస్తున్నది సముద్రాల అవతల మంచు కురిసే, ఇంగ్లీషువాళ్ల పెద్ద వలస దేశం ఒకటి. అక్కడి రైతులు రాజ్యం మీద ఎందుకు తిరగబడ్డారో కారణాలు రాయాలి. గవర్నరూ ఆయన చుట్టూ చేరిన కొద్దిమందీ భూములన్నీ, పదవులన్నీ పట్టుకుని కూర్చున్నారు. జనం ఎన్నుకున్న సభ ఉంది, అది మాట్లాడొచ్చు, తేల్చడానికి వీల్లేదు. జనం అర్జీలు పెట్టుకున్నారు, విన్నవాడు లేడు. తిరగబడ్డారు, కొందరిని ఉరితీశారు, కొందరిని ఓడలెక్కించి దేశాలు దాటించారు. తరవాత లండన్ నుంచి ఒక ప్రభువు వచ్చి చూసి, ఎన్నికైన వాళ్లకు సంజాయిషీ చెప్పుకునే మంత్రులు ఉంటే ఈ గొడవ ఉండదని రాసిచ్చాడు. దాని పేరు బాధ్యతాయుత ప్రభుత్వం. మా టీచరు దొరసాని, మనసు మంచిదే, ఆ పాఠం చెబుతుంటే ఆవిడ కళ్లు మెరిసేవి. మా వాళ్లు తప్పు చేసినా దిద్దుకుంటారని ఆవిడ గర్వం.

నేను లేచి, ఈ దేశంలో అది ఎప్పుడొస్తుంది మేడమ్ అని అడిగాను. మా అమ్మ సంగతి ఆవిడకు తెలుసు, బడంతా తెలుసు. "అది సిలబస్‌లో లేదు, కూర్చో," అంది.

కూర్చున్నాను. పరీక్షలో తిరుగుబాటు కారణాలు వరుసగా, దొరలకు నచ్చే ఇంగ్లీషులో రాశాను. మంచి మార్కులొచ్చాయి. ఆ మార్కులు చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. మంచు దేశం రైతు అర్జీ ఎవరూ వినలేదంటే అది చరిత్ర, మా నాన్న అర్జీ ఎవరూ వినకపోతే అది శాంతిభద్రతలు. తరవాత ముప్పై ఏళ్లు నేనే పిల్లలకు చరిత్ర చెప్పాను. అడవిలోకి పోయినవాళ్లు మంచివాళ్లని ఏనాడూ చెప్పలేదు, వాళ్లు చంపిన కూలీలూ నాకు తెలుసు. కానీ వాళ్లు ఎందుకు పోయారని ఏ పిల్లయినా అడిగితే, సిలబస్‌లో లేదని మాత్రం అనలేదు.

తరవాతి ఏడాది అమ్మను ఇండియాకు పంపెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. ఈ దేశపు పౌరురాలు కాదు కనక పంపెయ్యొచ్చట. ఆవిడ ఇక్కడ ఓడ దిగింది పసిబిడ్డగా, తల్లి చంకలో. ఇండియా అంటే ఆవిడకు తెలిసింది వాళ్ల అమ్మ చెప్పిన ఊరి పేరూ, అక్కడే ఉండిపోయిన అన్న పేరూ, అంతే.

పంపించే ముందు ఒకసారి చూడనిచ్చారు. మధ్యలో ఇనుప జాలీ. అమ్మ ముందు తమ్ముణ్ని జాలీ దగ్గరికి రమ్మని, వాడి ముఖం అటూ ఇటూ తిప్పించి చూసింది. "మచ్చలు పోతాయిలే. కొబ్బరినూనె రాయండి," అంది. నేను ఆపుకోలేకపోయాను.

"అమ్మా, ఆళ్లు అడిగినప్పుడు ఒక్క మాట సెప్పుంటే సరిపోను గదా. మొక్కని సెప్పుంటే వదిలీసేవోళ్లు."

"సెప్పుంటే ఈడు ఉండునా?" అంది అమ్మ.

ఆ ముఖంలో పశ్చాత్తాపం రవ్వంత లేదు. బేరంలో తానే గెలిచినట్టు చూసింది. అప్పుడు నాకు ఆవిడ మీద కోపమొచ్చింది. ఇప్పుడు నాకూ బిడ్డలున్నారు, ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. తరవాత నాన్నను పిలిచి జాలీకి నోరు ఆనించి ఏదో చెప్పింది. నాన్న తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. కాపలావాడు టైమైపోయిందన్నాడు.

కొన్నేళ్లకు దేశంలో ఎన్నికలు జరిగాయి. నాన్నకు ఓటు లేదు. అయినా గెలిచిన వాళ్లలో మన రంగు మనిషి ఒకాయన ఇపోలో ఉన్నాడని తెలిసి తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని పోయాడు. ఆయన కాఫీ ఇప్పించాడు, అంతా విన్నాడు, అరవంలో ఓపిక పట్టమన్నాడు. మంత్రులం అయ్యాం కానీ పోలీసు, సైన్యం ఇంకా తెల్లవాళ్ల చేతిలోనే ఉన్నాయి, మెర్డెకా రానివ్వండి, అప్పుడు మనం ఎవరినీ అడగక్కర్లేదు అన్నాడు. మెర్డెకా అంటే స్వాతంత్ర్యం. ఇంటికొచ్చి నాన్న, "మాట్లాడితే ఇన్నాడే. అది సాలు," అన్నాడు. అంతవరకు ఒక్కడూ విని ఉండలేదు మరి.

మెర్డెకా వచ్చింది. నేను అప్పటికి టీచరు శిక్షణలో ఉన్నాను. ఇపో మైదానంలో పిల్లలను వరసల్లో నిలబెట్టి, కొత్త జెండా ఎక్కుతుంటే నేనూ వాళ్లతో కలిసి అరిచాను. ఆ సంతోషం నిజమైనదే, దాన్ని ఇప్పుడు తక్కువ చేసి చెప్పను. వారం తిరక్కుండా నాన్న మళ్లీ ఆయన ఇంటికి పోయాడు. ఈసారి వరండా నిండా జనం. కాఫీ రాలేదు. ఆయన మర్యాద మాత్రం తగ్గలేదు. అడవిలో గొడవ ఇంకా తేలలేదు కనక పాత చట్టం అలాగే ఉంచాం, మీ ఆవిడ పౌరురాలు కాదు, మీరూ కారు, ముందు మీరు పౌరులవండి, తరవాత ఆవిడ కోసం దరఖాస్తు పెట్టండి అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటే సరే, ఇక్కడ పూజారే దేవుడయ్యాడు, మాట మాత్రం పూజారిదే.

పౌరసత్వం తీసుకోవడం ఆ ఏడాది సులువన్నారు. మలాయ్ పరీక్ష కూడా లేదు. కానీ నడవడి మంచిదై ఉండాలి. పెళ్లాం అడవి వాళ్లకు అన్నం పెట్టి దేశం నుంచి వెళ్లగొట్టించుకుంది, మొగుడి నడవడి ఏమిటని అడిగితే ఏం చెప్పాలి. ఇలాంటి నిజమే చెప్పి నాలుగు నెలలు తిరిగి తిరిగి కాగితం రాక కూర్చున్న మనిషి మాకు తెలుసు. కాగితం రాకపోతే నాకు బడిలో ఉద్యోగం లేదు, తమ్ముడికి పై చదువు లేదు. రేపు ఏ కారణానికైనా మమ్మల్నీ ఓడ ఎక్కించొచ్చు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా అయింది నాన్న పని.

ఒక బడి హాల్లో బల్లలు వేసి రాసుకుంటున్నారు. చాంతాడంత వరస. మా వంతు వచ్చింది. బల్ల దగ్గర తెల్లవాడు లేడు, మలాయ్ అధికారి, మెత్తటి మనిషి, నాన్నను "పాక్‌చిక్" అని, అంటే బాబాయ్ అని పిలిచాడు. ఊరు, పుట్టిన చోటు, పని అన్నీ అడిగాడు. భార్య అని అడిగాడు.

"చచ్చిపోయింది," అన్నాడు నాన్న మలాయ్‌లో. "జ్వరమొచ్చి."

అధికారి కలం ఆపి, అయ్యో పాపం అన్నాడు. నిజంగా బాధపడే అన్నాడు. నేను నాన్న పక్కనే ఉన్నాను. తరవాత అందరం కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేశాం.

బస్సులో అడిగాను, "బతికున్న మనిషిని సంపీసినావు. ఇంక ఎలా రప్పిస్తావు నాన్నా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "మీ అమ్మే సెప్పమంది. ఆ జాలీ దగ్గర. పిల్లలకి ఊరు దొరకాలంటే నేను పోయినానని సెప్పీ, ఊరికే నా ఎనకాల తిరక్కు, అంది. నేనే ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు," అన్నాడు.

నాకు ఆయన మీద అసహ్యమేసింది. కాగితం చేతికొచ్చాక కూడా పోలేదు. ఆ కాగితంతోనే నాకు ఉద్యోగం వచ్చింది, ఆ జీతంతోనే తమ్ముడు చదివి ప్రభుత్వ ఆఫీసులో చేరాడు. అయినా ఆయన ఎదురొస్తే ముఖం తిప్పుకునేదాన్ని. తోట వదిలి ఇపోలో చిన్న వరస ఇంటికి మారాం. అక్కడ అందరికీ నాన్న పెళ్లాం పోయిన మనిషే. అబద్ధం చెప్పి ప్రమాణం చేశాడని తెలిస్తే కాగితం లాక్కుంటారని, తమ్ముడి ఉద్యోగానికి ముప్పని ఇంట్లో కూడా అమ్మ మాట ఎత్తడం తగ్గించేశాం. మేనమామ అప్పుడప్పుడు ఉత్తరం రాసేవాడు. అమ్మ బాగానే ఉందని, ఆ ఊళ్లో ఆమెను అందరూ మలయా ఆవిడ అంటారని, ఎండకు ఆగలేకపోతోందని.

ఒకరోజు మధ్యాహ్నం, నేను బడి నుంచి వచ్చేసరికి, మేనమామ ఉత్తరం వచ్చి ఉంది. అమ్మ పోయి అప్పటికే నెల దాటింది. నేను తలుపు వేసుకుని చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నాన్న లేచి, పెరట్లో కుళాయి కింద కట్టుబట్టలతో కూర్చున్నాడు. నెత్తి మీంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. పక్కింటామె, తల్లి తెలుగు, తండ్రి అరవ, మనిషి మంచిదే, గోడ మీంచి చూసింది.

"ఏటి పెద్దాయనా, ఈ ఏల స్నానం. ఎవులు పోయినారు?"

"దూరపు సుట్టం," అన్నాడు నాన్న. "ఇండియాలో."

"ఓ, దూరపు సుట్టమా. అయితే మైల లేదులే. ఒక్క స్నానం సాలు."

మా వాళ్లలో భార్య పోతే, కబురు ఎంత ఆలస్యంగా అందినా, పదకొండు రోజుల మైల. నాన్న కుళాయి కట్టేసి, ముఖం తుడుచుకుని, ఆమె వైపు తిరిగాడు.

"సాలమ్మా," అన్నాడు.